తెర ముందు నిలబడేది ఎవరు?



2015 జూన్ 25న కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను ప్రారంభించింది. దేశం మొత్తం మీద వంద నగరాలను ఎంపిక చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్ ఆ జాబితాలో చేరాయి. 2025 మార్చి 31తో ఆ మిషన్ గడువు ముగిసింది. ఈ పదేళ్లలో రోడ్లు వేశారు, ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు, కూడళ్లలో కెమెరాలు బిగించారు, గోడ నిండా తెరలున్న కమాండ్ కంట్రోల్ కేంద్రాలు కట్టారు. వాటి మంచిచెడ్డలు మాట్లాడుకోవడానికి మరో సందర్భం కావాలి. ఈ పూట నేను అంతకంటే చిన్న వస్తువు గురించి మాట్లాడతాను. ఇంటిపన్ను కట్టబోతే ఫోనులో తెరుచుకునే పేజీ. మెట్రో స్టేషన్లో టికెట్ ఇచ్చే యంత్రం. బస్టాపులో వెలిగే బోర్డు. వార్డు సచివాలయంలో కౌంటర్ మీద ఉన్న కంప్యూటర్. మురుగుకాలువ పొంగితే ఫోటో తీసి పంపమనే యాప్. కమాండ్ కేంద్రంలోకి మామూలు మనిషి ఎన్నడూ అడుగుపెట్టడు. నగరం అతనితో మాట్లాడేది ఈ చిన్న తెరల మీదే.

వీటిని తయారుచేసేవాళ్ల మనసులో ఒక మనిషి ఉంటాడు. అతనికి సొంత ఫోను ఉంటుంది. ఆధార్‌కు కలిపిన నంబరు కూడా అదే. చూపు బాగుంటుంది, చదువు వచ్చు. ఒక్కడే కూర్చుని, తీరిగ్గా, సిగ్నల్ ఉన్నచోట పని చేసుకుంటాడు. మన ఊళ్లలో తెర దగ్గరికి వచ్చే మనిషి చాలాసార్లు ఇతను కాదు. పింఛను సంగతి కనుక్కోవడానికి వచ్చిన పెద్దావిడ పక్కన ఆవిడ మనవరాలు ఉంటుంది. లైసెన్సు రెన్యువల్ చేయించుకునే ఆటో డ్రైవరు తరఫున ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు టైపు చేస్తుంటాడు. మీసేవ కేంద్రంలో కౌంటర్ ఇవతల దరఖాస్తు పెట్టేవారు, అవతల ఆపరేటరు. పని ఒకరిది, వేళ్లు ఇంకొకరివి. ప్రభుత్వ తెర ముందు మన దగ్గర మామూలుగా ఇద్దరు ఉంటారు. ఈ ఇద్దరినీ ఎదురుగా పెట్టుకుని తయారుచేసిన తెర మాత్రమే మన నగరాలకు పనికొస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ఇద్దరి ఏర్పాటు మనకు కొత్త కాదు. 1999 డిసెంబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ట్విన్స్ అనే పేరుతో ఒక కేంద్రం తెరిచారు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను ఒకే కిటికీ దగ్గర కట్టే వీలు అక్కడ మొదలైంది. 2001లో అదే ఈసేవగా పెరిగింది. 2011 నవంబరులో మీసేవ వచ్చి, డిజిటల్ సంతకంతో ఉన్న ధ్రువపత్రాలను కౌంటర్ దగ్గరే చేతికివ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. కంప్యూటర్ అంటే బెదురు పోని రోజుల్లో కూడా జనం ఈ కేంద్రాలకు ధైర్యంగా వెళ్లారంటే కారణం ఒకటే. కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చుని “ఏం కావాలమ్మా?” అని అడిగేవారు. దరఖాస్తు పేరు తెలియకపోయినా తన కష్టం చెప్పుకుంటే చాలు, ఏ కాగితం కావాలో అవతలి మనిషి తేల్చేవారు. ఇంత గొప్ప మెనూ ఇంతవరకు ఏ యాప్‌లోనూ నేను చూడలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటినవారిలో అక్షరాస్యులు 67 శాతం. ఆడవాళ్లలో అయితే 59 శాతం. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడి ఉంటుంది. కానీ ఆనాడు చదువు రాని నడివయసు ఆడవాళ్లే ఈనాడు పింఛను కోసం, ఆరోగ్య కార్డు కోసం, ఇంటిస్థలం కోసం కార్యాలయాలకు వస్తున్న పెద్దవాళ్లు. ప్రభుత్వంతో ఎక్కువ పని ఉండేది వాళ్లకే. ఉద్యోగం, కారు, క్రెడిట్ కార్డు ఉన్నవాడికి కార్పొరేషన్‌తో ఏడాదికి ఒకటో రెండో పనులుంటాయి.

అందుకే సాయం చేసే మనిషిని తెర తయారీలో భాగంగా చూడాలంటాను. ఇప్పుడు చాలాచోట్ల ఆ మనిషిని తాత్కాలికపు ఇబ్బందిలాగా చూస్తున్నారు. అందరికీ ఫోన్లు వస్తే, అందరూ నేర్చుకుంటే కౌంటర్లు ఎత్తేయవచ్చని లెక్కలు వేస్తున్నారు. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో తన వెబ్‌సైట్లను ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టి గవ్ డాట్ యూకే అనే ఒకే వాకిలి పెట్టింది. అక్షరాస్యతలో మనకంటే ఎంతో ముందున్న దేశం అది. అయినా అక్కడి ప్రభుత్వ సేవల ప్రమాణాల్లో, సొంతంగా ఆన్‌లైన్‌లో పని చేసుకోలేనివారికి మనిషి సాయం ఎలా అందుతుందో సేవను తయారుచేసేవాళ్లే చూపించాలన్న షరతు ఉంది. అక్కడే అంత పట్టింపు ఉంటే మన దగ్గర ఎంత ఉండాలి?

ఇద్దరు మనుషుల మధ్య తెర ఉన్నప్పుడు అది ఎటు తిరిగి ఉందన్నది పెద్ద ప్రశ్న. ఆపరేటరు వైపు తిరిగి ఉంటుంది. దరఖాస్తు పెట్టేవారికి కనబడేది మానిటర్ వెనకభాగం, తీగలు. తన పేరు ఎలా కొట్టారో, వయసు ఎంత వేశారో, బ్యాంకు ఖాతా నంబరు సరిగా పడిందో లేదో వారికి తెలియదు. తప్పు పడితే తెలిసేది నెలల తరువాత, డబ్బు రానప్పుడు. దీనికి మందు మన దేశంలోనే ఉంది. ఆధార్ నమోదు కేంద్రాల కోసం రాసిన నిబంధనల్లో రెండో మానిటర్ ఉంది. ఆపరేటరు టైపు చేస్తున్నదంతా ఎదురుగా కూర్చున్నవారికి కనిపించేలా దాన్ని వారివైపు తిప్పి పెట్టాలి. వాళ్లు చూసి ఔనన్నాకే ముందుకు వెళ్లాలి. మొత్తం ఆధార్ వ్యవస్థలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది. ప్రతి సచివాలయంలో, ప్రతి మీసేవలో, ప్రతి మున్సిపల్ కౌంటర్లో రెండో తెర ఉండాలి. చదవలేనివారికి “మీ పేరు ఇది, మీ ఊరు ఇది, మీరు అడిగింది ఇది” అని యంత్రమే తెలుగులో పైకి చదివి వినిపించాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ఈరోజు మామూలు ఫోన్లలోనే ఉంది.

ఓటీపీ సంగతి ఇంకా కష్టమైనది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు, చివరికి రేడియో ప్రకటనలు కూడా ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఆ మాట విన్న పెద్దావిడే కౌంటర్ దగ్గరికి వెళ్తే, “ఫోనుకు నంబరొచ్చింది చూడండి, చెప్పండి” అంటారు. ఆమె చెబుతుంది. ఆ మర్నాడు ఎవరో ఫోన్ చేసి, పింఛను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, నంబరు చెప్పమని అడిగితే ఆమె ఎందుకు చెప్పకూడదు? నిన్న చెప్పమన్నదీ ప్రభుత్వమే కదా! ఈ మోసాలకు జనం అమాయకత్వాన్ని తప్పుపట్టడం అన్యాయం. చెప్పమనే పాఠం, చెప్పవద్దనే పాఠం రెండూ మనమే నేర్పుతున్నాం. దీన్ని సరిచేయడం సాధ్యమే. కౌంటర్ మీద దరఖాస్తుదారు వైపు చిన్న కీప్యాడ్ ఒకటి పెట్టి, వచ్చిన నంబరును ఆమెతోనో ఆమె వెంట వచ్చినవారితోనో కొట్టించవచ్చు. బ్యాంకుల్లో, దుకాణాల్లో కార్డు పిన్ను అలాగే కొట్టిస్తున్నారు కదా. ఇక ఆ నంబరు మోసుకొచ్చే సందేశం ఏ పనికోసం వచ్చిందో, ఏ కార్యాలయం నుంచి వచ్చిందో తెలుగులో, రెండు వాక్యాల్లో చెప్పాలి. ఇంగ్లీషులో ఆరంకెలు, ఒక పొడి పేరు పంపితే దాన్ని చదివేవాళ్లకు ఏం అర్థమవుతుంది?

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర అనే పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. తొలిరోజే 161 సేవలు పెట్టారు. ఈ ఆలోచనలో ఒక మంచి తెలివి ఉంది. జనాన్ని కొత్త యాప్ దగ్గరికి రమ్మనకుండా, జనం అప్పటికే వాడుతున్న చోటికి ప్రభుత్వం వెళ్లింది. మనవళ్ల ఫోటోలు చూసుకునే చోటే కరెంటు బిల్లు కట్టుకోవచ్చు. కొత్త పాస్‌వర్డ్ లేదు, ఫోనులో చోటు చాలలేదన్న బాధ లేదు. హైదరాబాదు మెట్రో కూడా 2022లో వాట్సాప్ టికెట్లు తెచ్చింది. ఈ దారి సరైనదే. అయితే వాట్సాప్‌లో జనం ఎక్కువగా చేసే పని మాట్లాడి పంపడం. వాయిస్ మెసేజ్ పెట్టడానికి చదువు అక్కర్లేదు. “మా అత్తగారికి పింఛను ఆగిపోయింది, ఏం చేయాలి?” అని గోదావరి యాసలోనో, పాలమూరు యాసలోనో అడిగితే జవాబు తెలుగు గొంతుతో రావాలి. జాబితాలు చదివి, అంకె ఎంచుకుని, ఇంకో జాబితాలోకి వెళ్లే పద్ధతి చదువుకున్నవాళ్ల పద్ధతి. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో భాషిణి వేదికను మొదలుపెట్టింది. మాటను అక్షరంగా, అక్షరాన్ని మాటగా మార్చే పని మీద అక్కడ ప్రజాధనం ఖర్చవుతోంది. ఆ ఫలం అందవలసిన మొదటి చోటు ఇదే.

గొంతు ఎంత పని చేస్తుందో చూడాలంటే కూరగాయల బండి దగ్గర నిలబడండి. డబ్బు పడగానే చిన్న డబ్బా “నలభై రూపాయలు అందాయి” అని తెలుగులో పలుకుతుంది. కూరగాయలమ్మే ఆవిడ ఫోను చూడదు, సందేశం చదవదు. బీరకాయలు తూస్తూనే వింటుంది. అవసరమైన ఒక్క మాట, అవసరమైన క్షణంలో, ఆమె భాషలో, చేతిలో పని ఆపకుండా వినబడుతుంది. ఈ పదేళ్లలో మన వీధుల్లోకి వచ్చిన యంత్రాలన్నిటిలోకీ దీన్నే నేను మేలైనదిగా ఎంచుతాను. దీన్ని తెచ్చింది వ్యాపార సంస్థలు. మోసపోతామేమోనన్న దుకాణదారు భయాన్ని అవి అర్థం చేసుకున్నాయి. మన కార్పొరేషన్లు పౌరుడి భయాలను అదేవిధంగా అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు ఫారాల దగ్గరికి వద్దాం. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి. ఇవి మన పేర్ల కోసం గీసిన గళ్లు కావు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, చాలామంది దాన్ని పొడి అక్షరంగానే రాస్తారు. కొందరికి పేరులోనే మూడు మాటలుంటాయి. పెళ్లయ్యాక కొందరు ఆడవాళ్ల ఇంటిపేరు మారుతుంది, కొందరిది మారదు. ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా పడుతుంది. అప్పుడు ఆ మూడు కాగితాలూ ముగ్గురు మనుషులవని కంప్యూటర్ తీర్మానిస్తుంది. ఈ తగువు అమెరికాదాకా వెళ్లింది. ఫస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు పడితే అక్కడివాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. ఎంతోమంది తెలుగు పిల్లలను ఆఫీసుల్లో తాతముత్తాతల ఊరిపేరుతో పిలుస్తున్నారు. మన మున్సిపాలిటీ ఫారంలోనైనా ‘పూర్తి పేరు’ అని ఒకే గడి పెట్టి, మనిషి రాసుకున్నట్టుగా తీసుకోవడానికి అడ్డేముంది?

డోరు నంబరుదీ అదే కథ. మన ఇంటి నంబర్లలో గీతలు, ఏటవాలు గీతలు, చివర ఎ, బి అక్షరాలు ఉంటాయి. ‘4-7-12/3/ఎ’ అని రాస్తే, ‘ప్రత్యేక చిహ్నాలు వాడరాదు’ అని ఎర్ర అక్షరాల్లో ఒక మాట వచ్చి ఫారం ఆగిపోతుంది. ఆ నంబరు వేసింది కార్పొరేషనే. తాను ఇచ్చిన నంబరును తన తెరే ఒప్పుకోకపోతే పౌరుడు ఏం చేయాలి? గీతలు తీసేసి రాస్తాడు. పన్ను రికార్డుతో అది కలవదు. మళ్లీ కార్యాలయానికి తిరుగుడు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు కాగితాల మీద జనవరి 1 అనో, జులై 1 అనో పడి ఉంటుంది. ఇవన్నీ మన జీవితంలో మామూలు విషయాలు. వార్డు సచివాలయంలో ఒక పూట కూర్చున్నవారెవరికైనా తెలుస్తాయి. ఆ ఫారం గీసినవారు అక్కడ కూర్చోలేదు, అంతే.

అక్షరాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. తెలుగు అక్షరం నిలువుగా పెరుగుతుంది. ‘స్త్రీ’ అని రాస్తే సకారం పైన దీర్ఘం, కింద తవత్తు, దాన్ని చుట్టి రకారం. ‘రాష్ట్రం’ అన్నా అంతే. ఇంగ్లీషు కోసం కొలిచిన వరుసల మధ్య తెలుగు పోస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి, లేకపోతే బటన్ అంచున సగానికి తెగిపోతాయి. బస్సు నుదుట వెలిగే ఎల్‌ఈడీ బోర్డు చూడండి. నిలువున చుక్కలు తక్కువగా ఉంటే వత్తు ఎక్కడ దూరుతుంది? అక్షరం నలిగి, దూరం నుంచి చదవలేని ముద్ద అవుతుంది. పాత చెక్కబోర్డు మీద పెయింటర్ రాసిన ‘మెహిదీపట్నం’ ఎంత దూరానికైనా కనబడేది. బోర్డు కొనేటప్పుడే తెలుగుకు సరిపడా ఎత్తు అడగాలి. టెండరులో ఒక్క వాక్యం చాలు. మరో మాట, చదువు రానివారు బస్సును నంబరుతో గుర్తుపడతారు. సికింద్రాబాదు నుంచి మెహిదీపట్నం వెళ్లే 5కె వాళ్లకు బొమ్మలాగా తెలుసు. కాబట్టి నంబరు పెద్దగా, ఎప్పుడూ కదలకుండా ఉండాలి. ఊరిపేర్లు జరుగుతూ పోయే బోర్డులో నంబరు కూడా జరిగి మాయమైతే, పరుగెత్తుకొచ్చిన మనిషికి బస్సు దాటిపోతుంది.

మన అక్షరాలను యంత్రాల మీద సరిగా పరీక్షించడం లేదనడానికి ప్రపంచం చూసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరాల కూర్పు సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేసింది. అంత పెద్ద సంస్థ దగ్గరే అలా జరిగితే, తక్కువ ధరకు టెండరు దక్కించుకున్న చిన్న సంస్థ తెలుగును పరీక్షిస్తుందని అడగకుండా నమ్మలేం. మంచి ఫాంట్లకు కొరత లేదు. మండలి, రామభద్ర, సూరన్న వంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి పేజీ మొత్తాన్ని తిప్పి గీయాలి. పాతబస్తీ పౌరుడికి ఆ హక్కు ఉంది.

చూపులేనివారి విషయంలో మనం ఇక ‘మంచిది, చూద్దాం’ అనే దశ దాటాం. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని దాని 42వ సెక్షన్ చెబుతుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన మరో తీర్పు నన్ను కదిలించింది. యాసిడ్ దాడికి గురైన ఆడవాళ్లు, చూపులేనివారు ఆ కోర్టుకు వెళ్లారు. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమని యంత్రం అడిగింది, బతికున్న మనిషేనని రుజువు చేసుకోవడానికి. యాసిడ్ రెప్పలను కాల్చేసిన మనిషి కళ్లు ఎలా ఆర్పగలదు? డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది. 20 ఆదేశాలు ఇచ్చింది. ఆ యంత్రాన్ని తయారుచేసినవారికి ఆమె మీద ద్వేషం లేదు. ఆమె ఉందన్న ఊహే వాళ్లకు రాలేదు. పౌరుడి తెరకు అంతకంటే పెద్ద లోపం లేదు.

చూపులేనివారు ఫోనును, కంప్యూటర్‌ను గొంతు సాయంతో వాడుతున్నారు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది. పేజీలో బటన్‌కు పేరు పెట్టి ఉంటే అది పలుకుతుంది. పేరు పెట్టకపోతే ‘బటన్, బటన్, బటన్’ అని ఊరుకుంటుంది. వంకర అక్షరాల బొమ్మ చూపించి అందులో ఏముందో కొట్టమనే క్యాప్చా దగ్గర వాళ్ల పని పూర్తిగా ఆగిపోతుంది. ఇక వీధిలో పెట్టే కియోస్కులు. నున్నటి గాజు మీద ఏ బటన్ ఎక్కడుందో చేతికి తెలియదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి పైవరుస అందదు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండలో నిలబెట్టిన తెర మీద ఏమీ కనబడదు, లోహపు అంచు మీద చెయ్యి పెట్టలేం. నీడ, ఎత్తు, తడిమితే తెలిసే మీటలు, చెవికి పెట్టుకునే గొంతు, ఇవి కొన్న తరువాత చేర్చేవి కావు. కొనేముందే అడగాలి.

కియోస్కుల గురించి న్యూయార్క్ అనుభవం ఒకటుంది. 2016 మొదట్లో ఆ నగరం పాత ఫోన్ బూత్‌లు తీసి లింక్‌ఎన్‌వైసీ అనే స్తంభాలు నిలబెట్టింది. ఉచిత వైఫై, ఉచిత ఫోన్ కాల్స్, చార్జింగ్, ఇంటర్నెట్ చూసుకునే చిన్న తెర. కొందరు గంటల తరబడి అక్కడే ఉండిపోతున్నారని, చూడరానివి చూస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆ తెర మీద ఇంటర్నెట్ తీసేశారు. సొంత ఫోను ఉన్నవారికి వైఫై మిగిలింది. ఫోను లేనివారికి పోయింది. వీధిలో తెర పెట్టేముందు వీధిలో బతికే మనుషుల గురించి ఆలోచించి ఉంటే, కూర్చునే చోటు, సమయం, కాపలా మొదటే ఏర్పాటు చేసేవారు.

ఫిర్యాదు యాప్‌ల విషయంలో నా అభ్యంతరం ఒకే ఒక్క బటన్ మీద. చెత్త తీయలేదని ఫోటో పెడతాం. రెండు రోజులకు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని సందేశం వస్తుంది. చెత్త అక్కడే ఉంటుంది. అధికారి ఫైలు మూసేశాడు, లెక్కలో అది విజయం. ఫిర్యాదును మూసే హక్కు ఫిర్యాదు చేసినవారికే ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో జవాబు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. నగరాల యాప్‌లలో అంతకంటే ఒక అడుగు ముందుకు వేసి, పౌరుడు ‘అవును, పని జరిగింది’ అని నొక్కేదాకా ఫిర్యాదు బతికే ఉండేలా చేయాలి.

ఏ తెరా పనిచేయని రోజులు కూడా వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఆ తరువాత కట్టిన వ్యవస్థలు ఎంత పటిష్ఠమైనవైనా, పౌరుడి చేతిలోని ఫోనుకు చార్జింగ్ లేకపోతే అవి అతనికి లేనట్టే. అందుకని ఆటోకు కట్టిన మైకు, బ్యాటరీ రేడియో, వార్డు కార్యాలయం గోడ మీద అంటించిన కాగితం, వీటిని పాతకాలపువని తీసిపారేయకూడదు. తీరనగరాలకు ఇవి అత్యవసర పరికరాలు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని అనుకుంటారేమో. వాడకపు పరీక్షల్లో పేరుపొందిన జేకబ్ నీల్సన్ 2000లో రాసిన ఒక వ్యాసంలో, ఐదుగురు మనుషులతో పరీక్షించినా లోపాల్లో అధికభాగం బయటపడతాయని వాదించాడు. మన నగరానికి ఆ ఐదుగురు ఎవరో నేను చెబుతాను. చదవడం రాని పెద్దావిడ, చూపులేని విద్యార్థి, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ, మీసేవ ఆపరేటరు, పారిశుద్ధ్య కార్మికురాలు. తెరను వాళ్ల ముందు పెట్టండి. ఏమీ చెప్పకండి. ఎక్కడ ఆగిపోతారో చూడండి. ఆ పూట వాళ్లు పోగొట్టుకున్న కూలి డబ్బు ఇవ్వండి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఏసీ గదిలో పెద్ద తెర మీద చూపిస్తారు, అధికారులు తల ఊపుతారు, ప్రారంభోత్సవం తేదీ ఖాయమవుతుంది. బిల్లు చెల్లించేముందు ఈ ఐదుగురి పరీక్ష నెగ్గాలన్న షరతు ఒక్కటి పెడితే సగం లోపాలు ఊరు చేరకముందే పోతాయి.

శ్రోతలారా, మీ వార్డులో కొత్త యాప్ గానీ, కియోస్కు గానీ పెట్టినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. తెలుగులో విని, తెలుగులో చెప్పే వీలుందా? ఫోను లేనివారికి ఇదే పని చేసిపెట్టే మనిషి ఎక్కడ కూర్చుంటారు? పని పూర్తయ్యాక చేతికి తెలుగులో రసీదు వస్తుందా? జవాబు రాకపోతే అర్జీ పెట్టండి. మీ వివరాలు తీసుకోవడానికి సమ్మతి అడిగినప్పుడు ఆ నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా చదువుకునే వీలుండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాసి ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటును వాడలేకపోతున్న వికలాంగులు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిషనర్ పదవిని చట్టమే ఏర్పాటు చేసింది. అలాంటి ఫిర్యాదు రాయడం మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా కష్టమైతే, పక్కన కూర్చుని రాసిపెట్టండి.